పొట్టికాళ్ళ రంపపుబల్ల

అన్నదమ్ములు వేరుపడిన రోజు బాడిసలు, ఉలులు, చిత్రికలు అన్నీ అరుగు మీద పరిచి సగం సగం పంచుకున్నారు. పెద్దరంపం పంచడానికే వీలు కాలేదు. అది ఇద్దరు చెరొక కొస పట్టుకొని లాగే రంపం. సగానికి విరిస్తే ఇద్దరికీ పనికిరాదు. మా బావ, అంటే మా ఆయనకు అన్న, దాన్ని భుజాన వేసుకొని గడప దిగుతూ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"రంపం నేను తీస్కపోతాండా. నీవొక్కనివి దీన్నేం లాగుతావులేప్పా. పనిలేకపోతే నా కాడికి రా, రెండో కొస పట్టుకుందువు. కూలి ఇస్తాలే."

మా ఆయన తల వంచుకొని నిలబడ్డాడు. మా అత్త పెద్దకొడుకు మాటకు నవ్వింది. ఆమె మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది, పెద్దకోడలు తిండి సరిగా పెట్టదని. నవ్వు అక్కడ, కూడు ఇక్కడ.

అప్పుడు మేము కల్లూరులో ఉండేవాళ్ళం. కర్నూలును రాజధాని చేసిన కొత్త. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తాలకు ఇళ్ళు లేక గుడారాల్లో కాపురం పెట్టారు. కుర్చీలకు, బల్లలకు, తలుపులకు, కిటికీలకు జనం వెంటపడుతున్నారు. వడ్లపని తెలిసిన ఎవరికీ ఆ ఏడు తీరిక లేదు. మా ఆయన చేతిపని బావ పనికంటే నున్నగా ఉండేది. కానీ మాను కోసి పలకలు తీయాలంటే రెండో మనిషి కావాలి. బయటి మనిషిని పెట్టుకుంటే తలుపు చేసిన లాభమంతా కోతకూలికే పోతుంది. ఒంటరిగా చిన్నరంపంతో కోసి కోసి ఆయన కుడిభుజం వాచింది. రాత్రి ఆవనూనె రాస్తే పొద్దునకు మళ్ళీ వాపు. ఇంకొక ఎండాకాలం ఇట్లా పోతే బావ మాటే నిజమవుతుందని నాకు తెలుసు. ఈయన అన్న పంచలో కూలివాడు, నేను తోటికోడలి ఇంట్లో కసువు ఊడ్చేదాన్ని. అది జరగకూడదు. నేను అనుకున్నది అంతే, అంతకంటే పెద్ద ఆలోచన ఏమీ లేదు.

చక్రంలాగా తిరిగే రంపం ఉంటుందని, బల్ల మధ్యలో సందు చేసి దాన్ని నిలబెడతారని, పలకను ముందుకు తోస్తే చాలు కోసుకుంటుందని, రెండో మనిషి లాగే పని లేదని కర్నూలులో కట్టె అడితి సాయిబు చెప్పాడు. తన అడితిలో ఉన్న కొత్త బల్లను కూడా చూపించాడు. అంతా ఇనుము. కిందనే కిరసనాయిలు ఇంజను. మా ఆయన దాని చుట్టూ పెండ్లికొడుకు చుట్టూ తిరిగినట్టు తిరిగాడు.

"ఇది ఎంతప్పా సాయిబూ?" అన్నాను.

అతను చెప్పాడు. ఇంటిని, ఇంట్లో మనుషులను కలిపి అమ్మినా అంత రాదు.

"వాడిన సామాను ఉంటే చెప్పు. మెరుగు నాకొద్దు, పని కావల్ల."

సాయిబు గడ్డం గోక్కున్నాడు. "ఒకటుండాదిలేమ్మా, కమలాపురంలో. చేత్తో తిప్పే చక్రంతో ఆడేది, ఇంజను అక్కర్లేదు. గానీ అది మీ కులపోళ్ళు కొనరు. ఏడాదిగా ఎవురూ కొనల్యా."

"యాల కొనరు?"

"అది మనిషిని కొరికిందమ్మా."

"కొరికిందంటే పండ్లు బాగుండాయి గదా," అన్నాను.

సాయిబు తోబా తోబా అని చెంపలు వేసుకున్నాడు. మా ఆయన ముఖం తెల్లబోయింది. మా వాళ్ళలో పనిముట్టంటే దేవుడితో సమానం. దసరాకు పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు, అమావాస్యనాడు ముట్టరు. నెత్తురు చూసిన పనిముట్టును గడప లోపలికి తేరు. అందుకే అది చౌకగా వస్తుందని నాకు అక్కడే తట్టింది. అందరూ భయపడే సామానుకు ధర చెప్పేది కొనేవాడే.

ఇంట్లో ఉన్న ఒక్క ఎనుమును అమ్మాను. మా అత్తకు పెరుగు లేనిదే ముద్ద దిగేది కాదు. ఎనుమును తోలుకుపోతుంటే ఆమె గుంజ పట్టుకొని ఏడ్చింది.

"నా నోటికాడి పెరుగు తీసి ఇనుప సామానుకు పోస్తాండావే నీవు!"

"పెద్దకొడుకు ఇంట్లో రెండు ఎనుములుండాయి గదత్తా. ఆడికి పో, పెరుగు దొరుకుతాది," అన్నాను. ఆమె పోలేదు. పచ్చిపులుసుతో తినడం నేర్చుకుంది.

రెండు రైళ్ళు మారి కమలాపురం చేరాము. ఆ ఇల్లు ఊరికి కొసన ఉంది. ఇంటాయన అరుగు మీద ఒక కాలు చాపుకొని కూర్చొని ఉన్నాడు. ఆ కాలికి పాతగుడ్డ చుట్టి ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేక నవ్వాడు.

"రండప్పా, రండి. రంపం కోసమేనా? లోపలుండాది సూడండి. తిరగడంలో ఏ వంకా లేదు. వంకంతా నాదే."

బల్ల లోపల చావడిలో ఉంది. పైన ఇనుప పలక, కింద తుమ్మచెక్క కట్టుబడి. పక్కన మనిషి నడుమెత్తు చెక్క చక్రం, దాని నుంచి రంపానికి తోలుపట్టా. చక్రం తిప్పితే రంపం గిర్రున తిరుగుతుంది. చూడగానే నాకు ఏదో వింతగా కనబడింది. సాయిబు అడితిలో బల్ల నడుము దాకా వచ్చింది. ఇది మోకాలికి కొంచెం పైన, అంతే. కాళ్ళు పొట్టివి.

ముందు సామాను సంగతి చూశాను. నాకు రంపాలు తెలియవు గానీ తిరగలి తెలుసు. తిరగలి కొనేటప్పుడు పైరాయి ఊగుతుందా అని చూస్తాము. ఊగే రాయి పిండిలో ఇసుక కలుపుతుంది. అట్లాగే ఒక బొగ్గుముక్క తీసుకొని రంపం పండ్లకు వెంట్రుకవాసి దూరంలో పట్టుకొని చక్రాన్ని మెల్లగా తిప్పమన్నాను. ఇరుసు వంకర ఉంటే ఒకచోట బొగ్గును తాకి ఇంకొకచోట వదిలేస్తుంది. చుట్టూ ఒకటే ఎడంగా పోయింది. తర్వాత గట్టిగా తిప్పి వదిలేసి చెవి పెట్టి విన్నాను. గరగర లేదు. ఆగిపోవడానికి చాలాసేపు పట్టింది. పలకను ఆనించి తోసే పక్కపట్టీకి దారం లాగి చూశాను, ఎక్కడా వంకర లేదు. సామాను మంచిదే. మంచిదని ముఖంలో కనబడనివ్వలేదు.

నేను ఇట్లా చూస్తుండగా మా ఆయన బల్ల ముందర గొంతుకూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏమే, సూడే! కూచ్చోని కోసుకోవచ్చు. మనకోసమే చేయించినట్లుండాది గదే!"

తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. మా మగవాళ్ళు నేల మీద కూర్చొనే పనిచేస్తారు. చెక్కను కదలకుండా పట్టేది చేయి కాదు, కాలు. బొటనవేలు, దాని పక్కవేలు మధ్య చెక్కను ఇరికించి, రెండు చేతులతో బాడిసో ఉలో ఆడిస్తారు. పాలు మరిచిన పిల్లవాడికి మొదట నేర్పేది ఆ పట్టే. మా ఆయన సంబరంగా అక్కడ పడి ఉన్న బద్ద ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టగానే ఆయన కుడికాలు దానంతట అదే లేచి బల్ల మీదికి పోయి, వేళ్ళతో ఆ బద్దను పట్టుకుంది. ఆయన చూడను కూడా చూడలేదు. ఆ వేళ్ళకు, రంపం పండ్లకు మధ్య జానెడు కూడా లేదు.

నాకు అంతా తెలిసిపోయింది. ఇంటాయన వైపు తిరిగాను.

"బల్ల కాళ్ళు ఎవురు కోసినారప్పా?"

"నేనేమ్మా. మద్రాసు నుంచి వచ్చినప్పుడు ఎత్తుగానే ఉండె. నిలబడి పని చేసేది నాకు చేతగాల్యా. కాళ్ళు కోసి, కూచ్చోని చేసినా."

"కోసిన ముక్కలు ఉండాయా?"

"మా ఆడది పొయ్యిలో పెట్టింది."

"ఆ గుడ్డ విప్పి సూపియ్యి."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆయన భార్య తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. నాకంటే చిన్నది.

"యాల, అక్కా? పుండు మానింది. ఇప్పుడేం విప్పుతాడు?"

"సామాను కొనేదానికి వచ్చినాము. సామాను ఏం చేసిందో సూడకుండా ఎట్ల కొంటాము? విప్పప్పా."

ఆయన విప్పాడు. పాదం ముందు సగం లేదు. తొక్క ముడుచుకొని, మూట మూతి కట్టినట్టు ఉంది. ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. మా ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను గడ్డం పట్టుకొని ఇటు తిప్పాను.

"సూడు. బాగా సూడు. ఈయప్ప కూడా కూచ్చోనే కోసినాడు."

ఆయన చూశాడు. బద్ద మీద ఉన్న కాలు మెల్లగా కిందికి దించుకున్నాడు.

బేరం మొదలుపెట్టాను. నెత్తురు తాగిన సామాను అన్నాను. కాళ్ళు కోసిన సామాను అన్నాను. నీ కాలు చూసినవాడెవడూ నీకు దుడ్లు ఇవ్వడు, నేను ఇస్తున్నాను అన్నాను. ఆయన అడిగినదానిలో సగానికి వచ్చాను, చక్రమూ తోలుపట్టా అందులోనే కలిపి. ఆయన తన కాలును చూసుకుంటూ, "దీని తిండే తిన్నానమ్మా రెండేండ్లు. తలుపుల్లో ఈ రంపం కోత కనబడదు, అంత నున్నగా ఉంటాది," అన్నాడు. ఇంకొంచెం ఇమ్మని ఆయన భార్య నా చేయి పట్టుకుంది. చేయి విడిపించుకున్నాను. ఆమెకూ సంసారం ఉంది, నాకూ సంసారం ఉంది. ఆమె మొగుడు ఒకసారి తప్పు చేశాడు, ఆ తప్పుకు నేనెందుకు ఇచ్చుకోవాలి? దుడ్లు ఆయన చేతిలో పెట్టి రసీదు అడగకుండా రైలుస్టేషనుకు బండి కట్టించాను.

కర్నూలు స్టేషను నుంచి తెచ్చిన బండి ఇంటి ముందు ఆగగానే మా అత్త గడపకు అడ్డంగా కూర్చుంది.

"నెత్తుటి సామాను నా ఇంట్లోకి రాకూడదు. కోడిని కోసి దిష్టి తీస్తేనే రానిస్తా."

"దిష్టికి కోసిన కోడి కూర నీకు రాదత్తా, సాకలోనికి పోతాది," అని ఒక నిమ్మకాయ కోసి రెండు చెక్కలూ బండి చక్రాల కింద వేశాను. ఆమెను దాటుకొని బల్లను లోపలికి దించారు.

ఎదురింట్లో కొత్తగా నేలకు బండలు పరిచి, పగిలినవి వీధిలో పారేశారు. అవి ఊరికే వచ్చాయి. బల్ల ఒక్కొక్క కాలి కింద వాటిని పేర్చి, సున్నంతో కలిపి గట్టిగా పూడ్చాను. బల్ల మా ఆయన నడుము దాకా లేచింది. ఆయన కూర్చొనే పీటను తీసి అటక మీద పెట్టాను.

"ఇంగ నీవు నిలబడే కోస్తావు. నేను చక్రం తిప్పుతా. నీవు కూచ్చుంటే చక్రం ఆగిపోతాది."

ఆయనకు చేతకాలేదు. నిజంగానే చేతకాలేదు. పుట్టినప్పటి నుంచి కూర్చొని పనిచేసిన మనిషి. పూట గడవకముందే పిక్కలు పట్టుకొనేవి. అంతకంటే కష్టం ఆ కుడికాలు. పలక బల్ల మీద పెట్టగానే కొంగ కాలు లేపినట్టు అది లేచేది. నడుమెత్తు బల్ల మీదికి కూడా వేళ్ళు చాపి పట్టుకోవడానికి పోయేది. మాటతో చెప్పాను, కసిరాను. చక్రం పక్కన ఒక వెదురుబద్ద పెట్టుకొని కాలు లేచినప్పుడల్లా పాదం మీద కొట్టాను. కాలికి వాతలు తేలాయి గానీ బుద్ధి రాలేదు. అది ఆయన చేతుల్లో ఉన్న పని కాదు.

అమ్మిన ఎనుము పలుపు గుంజకే వేలాడుతోంది. దాన్ని తెచ్చి ఆయన కుడికాలి చీలమండకు కట్టి, రెండో కొస బల్ల కాలికి ముడివేశాను. నిలబడటానికి, పక్కకు ఒక అడుగు జరగడానికి సరిపోయేంత వదిలాను. లేపడానికి మాత్రం వదల్లేదు.

"నేను గొడ్డునా?" అన్నాడు.

"గొడ్డుకు వేళ్ళుండవు," అన్నాను. "నీకుండాయి. ఉండనీ."

పొద్దున కట్టేదాన్ని, కూటికి విప్పేదాన్ని. అట్లా కట్టేసిన కాలితో ఆయన కోసిన పలకలు చూసి, మేజాబల్ల చేయించుకోవడానికి వచ్చిన గుమాస్తాలు కోత మీద చేయి వేసి నిమిరేవాళ్ళు. పని పెరిగింది. భుజం వాపు తగ్గింది. కోతకూలి ఎవరికీ ఇచ్చే పని లేకపోయింది. రంపం బావది ఒక్కటే కాదని ఊరికి తెలిసింది.

బావకూ తెలిసింది. ఒకనాడు తల్లిని చూసే నెపంతో వచ్చాడు. ఆ కాలంలో మొగుడి అన్నతో ఎదురుగా నిలబడి మాట్లాడేది లేదు. నేను తలుపు పక్కకు జరిగాను. ఆయన పలుపును చూశాడు, కొస నుంచి కొస దాకా చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"ఏమప్పా, మేత కూడా ఈడనే ఏస్తాదా నీ పెండ్లాం? పనోడంటే పీటేసుకొని కూచ్చొని చేస్తాడు. నిలబడి చేసేది కూలోడు. నా కాడికి రమ్మంటే రాకపోతివి. ఈడ పెండ్లానికి కూలి చేస్తాండావు, అదీ కట్టేయించుకొని!"

మా అత్త కూడా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. పలక తోయడం ఆపలేదు కూడా. కానీ మెడ వెనక ఎర్రబడింది. ఆ రాత్రి అన్నం సగం వదిలేశాడు. వదిలేసిన అన్నంలో నీళ్ళు పోసి పొద్దునకు ఆయనకే పెట్టాను.

తర్వాత కొన్నాళ్ళకు నేను కాలువకు గుడ్డలు ఉతకడానికి పోయాను. తడిగుడ్డల గంప నెత్తిన పెట్టుకొని వీధి మలుపు తిరిగేసరికి మా ఇంట్లో రంపం పాడుతోంది. తిప్పేదాన్ని నేను. నేను వీధిలో ఉన్నాను. మరి తిప్పుతున్నది ఎవరు?

గడపలో నిలబడ్డాను. బండలు పెళ్ళగించి పక్కన పారేసి ఉన్నాయి. బల్ల నేల మీద ఉంది. మా ఆయన పీట వేసుకొని కూర్చున్నాడు. కుడికాలు బల్ల మీద ఉంది. వేళ్ళు పలకను పట్టుకొని ఉన్నాయి. బావ చొక్కా విప్పి చక్రం తిప్పుతున్నాడు. మా అత్త ఎదురుగా కూర్చొని పండగ చూసినట్టు చూస్తోంది. మా ఆయన ముఖంలో సంతోషం ఉంది. పెండ్లయిన కొత్తలో తప్ప ఆ సంతోషం నేను చూడలేదు.

అరిస్తే ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే కాలు జారుతుంది. నెత్తిన గంప నుంచి నీళ్ళు ముఖం మీదికి కారుతున్నాయి, తుడుచుకోలేదు. పలక కొంచెం కొంచెం రంపం లోపలికి పోతోంది, దానితోపాటు ఆ వేళ్ళు కూడా. మా ఆయన పట్టు మార్చుకుంటూ కాలు వెనక్కి జరుపుతాడని, జరిపినాక మళ్ళీ పెడతాడని నాకు తెలుసు. కమలాపురం మనిషి కూడా అట్లాగే జరిపి ఉంటాడు, ఎన్నోసార్లు. పలక చివరికి వచ్చింది. రెండుగా విడిపోయి కింద పడింది. కాలు కిందికి దిగింది.

అప్పుడు గంప దించాను. గోడకు ఆనించి ఉన్న బాడిస తీసుకొని తిరుగుతున్న తోలుపట్టా మీద ఒక్క వేటు వేశాను. పట్టా తెగి పామువలె ఎగిరి బావ చేతికి తగిలింది. చక్రం ఊరికే తిరిగి తిరిగి ఆగింది.

కొంగు ముడి విప్పి ఒక అణా తీశాను. బావతో మాట్లాడకూడదు కాబట్టి అత్తతో చెప్పాను.

"అత్తా, చక్రం తిప్పినాయప్పకు కూలి ఇచ్చి పంపించు. మా ఇంట్లో ఊరికే పని చేయించుకోము."

అణాను ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. బావ చొక్కా చేతిలోనే పట్టుకొని, తగిలిన చేయి రుద్దుకుంటూ గడప దిగి వెళ్ళిపోయాడు. అణా అక్కడే ఉంది. తీసి మళ్ళీ ముడి వేసుకున్నాను. ఆ తర్వాత ఆయన మా ఆయనను కూలికి రమ్మని ఎప్పుడూ పిలవలేదు.

మధ్యాహ్నం కూటికి మా ఆయన గోడ దగ్గర కూర్చోబోయాడు.

"నిలబడు," అన్నాను.

అన్నం పెట్టిన తట్ట ఆయన చేతికి ఇచ్చాను. మా అత్త, "కూచ్చోని తిననీవే, పాపిష్టిదానా, నా కొడుకు కుక్కనా?" అని నెత్తి బాదుకుంది. "బల్ల మళ్ళా లేచేదాక ఈ ఇంట్లో కూచ్చునేది లేదు," అన్నాను. ఆయన నిలబడే తిన్నాడు. రాత్రి కూడా నిలబడే తిన్నాడు. మరునాడు పొద్దున్నే బండలు మళ్ళీ పేర్చి, సున్నం కలిపి, తెగిన పట్టాను కుట్టాడు. నిలబడే కుట్టాడు. పలుపు తానే తెచ్చి నా చేతికి ఇచ్చాడు.

రెండేండ్లు కట్టాను. ఆ తర్వాత కట్టే పని లేకపోయింది. కాలు మరిచిపోయింది. రాజధాని హైదరాబాదుకు పోయినప్పుడు గుడారాలతోపాటు బావ పని కూడా పోయింది, ఆయన ఆఫీసుల కుర్చీలే నమ్ముకున్నాడు. ఊరివాళ్ళ తలుపులు మాకు ఉండనే ఉన్నాయి. నాతో మా ఆయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఇంట్లో కూడా గోడకు ఆనుకొని నిలబడే ఉండేవాడు. కూర్చోమని నేను ఒకటి రెండు సార్లు అన్నాను. విననట్టు ఉండేవాడు.

మా కులంలో చనిపోయిన మనిషిని పడుకోబెట్టరు, కూర్చోబెట్టి పూడుస్తారు. ఆయన పోయినప్పుడు కాళ్ళు మడవడానికి నలుగురు పట్టవలసి వచ్చింది. పిక్కల మీద నరాలు తాళ్ళలాగా ఉబ్బి, మోకాళ్ళు బిగుసుకొని ఉన్నాయి. బావ అప్పటికి పండు ముసలి. ఊతకట్టె పట్టుకొని వచ్చి, తమ్ముడిని మడుస్తుంటే చూసి, ఎన్నడూ లేనిది నాతో నేరుగా మాట్లాడాడు.

"ఇంగనన్నా కూచ్చోనిస్తావా వాన్ని?"

పద్మాసనంలో పైకి తిరిగిన ఆ పాదాలను చూస్తున్నాను. వేళ్ళన్నీ ఉన్నాయి.